కల్లు కాంపౌండ్ల బాణాలాట: ఓడినోనికి ఎందుకోడిండో తెల్వాలె

పోయినేడు జులైల మా ఆఫీసుల నాకొక పని అప్పజెప్పిన్రు. ఆన్లైన్ల వందలమంది ఒక్కపారే ఆడే ఫాంటసీ ఆట ఒకటి తయారైతున్నది. రాజ్యాలు, మంత్రాలు, రాక్షసులు, గుర్రాలు అన్నీ ఉంటయి. కొట్లాడి కొట్లాడి అలిసినోళ్లు వచ్చి కూసునే దుకాణం ఒకటుంటది, ఇంగ్లీషోళ్లు దాన్ని టావెర్న్ అంటరు. ఇంత తాగుడు, ఇంత ముచ్చట, ఊరోళ్ల వార్తలు. ఆడ గోడకొక గుండ్రటి బోర్డు, చేతిల మూడు చిన్న బాణాలు, గదే డార్ట్స్. పెద్దాటల చిన్నాట అన్నట్టు. "చిన్న పనే, రెండు వారాలల్ల అయిపోతది" అన్నరు. దసర దాటింది, అయినా ఒడువలె.

ఎందుకు ఒడువలేదో చెప్తే, దినాం ఫోన్ల ఆటలాడే మన పోరగాండ్లకు ఆ ఆటల కడుపుల ఏమున్నదో కొంత సమజైతదని ఇది రాస్తున్న.

మాది చేవెళ్ల పక్కపొంటి ఊరు. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడల పొద్దుగాల బస్సు, మొయినాబాద్ దాటి అప్ప జంక్షన్, ఆడికెల్లి గచ్చిబౌలి. ఆటలు తయారు జేసుడంటె అమెరికోళ్ల పని అని నేను సుత చాన్నాళ్లు అనుకున్న. ఈఏ అసొంటి పెద్ద కంపెనీకి హైదరాబాద్ల స్టూడియో ఉన్నదని నాకు డిగ్రీ అయినంక గాని తెల్వదు. గోడో అని ఒక ఇంజన్ ఉంటది, పైస ఖర్చు లేదు, మామూలు లాప్టాప్ల నడుస్తది. దాంతోనే నేను నేర్చుకున్న.

డార్ట్స్ బోర్డు అయితే నేను నిజంగ ఎన్నడూ సూడలె. గాని బాణాలాట మనకు కొత్తనా? చిన్నప్పుడు జొన్నసొప్ప బెండు తీసి, ముంగట తుమ్మముల్లు గుచ్చి, ఎనక కోడి ఈక వెట్టి ఇసిరెటోళ్లం. ఈక లేకపోతే అది గాల్ల పల్టీలు కొట్టి తోకతోని తగులుతది. ఈక ఉంటె ముల్లే ముందుకొస్తది. బరువు ముంగట ఉండాలె, గాలిని ఆపుకునేది ఎనక ఉండాలె, డార్ట్ తయారీల సూత్రం గదే. అందుకే నేను కంప్యూటర్ ముట్టకముందు ఊరికొచ్చిన. వాకిట్ల గడ్డిమోపు నిలవెట్టి, గోనెసంచి కప్పి, దాని మీద బొగ్గుతోని బోర్డు గీసిన. అసలు బోర్డు నడిమిట్ల చుక్క భూమికి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తుల ఉంటది, ఇసిరెటోడు 7 అడుగుల 9 అంగుళాలకు ఇంత ఎక్కువ దూరంల నిలవడ్తడు. టేపు వట్టి గట్లనే కొలిసిన. మా చిన్నాయిన కొడుకు, వాని దోస్తులు ఇద్దరు, నేను, మొత్తం నూరుకు పైగా ఏట్లేసినం. తగిలిన కాడల్ల సున్నం బొట్టు.

సాయంత్రానికి ఆ సంచిని సూస్తె నాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది. బొట్లు నడుమ గుంపుగ ఉన్నయి, దూరం వోయినకొద్ది పల్చగైనయి. ఇంకో సంగతి, పక్కలకంటె మీదికి కిందికే ఎక్కువ చెదిరినయి. ఎందుకంటె బాణం ఎప్పుడు ఇడిసినమో గా క్షణం జర అటిటైతె ఎత్తు మారుతది. ఫోన్ల ఆటల గుండ్రంగ చెదిరినట్టు లెక్కగడితె కండ్లకు అబద్ధం కనవడ్తది. కోడిగుడ్డును నిలవెట్టినట్టు చెదరాలె. కోడ్ల ఇది ఒక్క లైను మార్పు. గాని ఆడేటోడు "గిది నిజంగ ఇసిరినట్టే ఉన్నది" అనేది గా లైనుతోనే.

ఇగ బోర్డు సంగతి. 20 ముక్కలు, ఒక్కో ముక్క 18 డిగ్రీలు. మీద నట్టనడుమ 20. దానికి కుడిపక్క 1, ఎడమపక్క 5. 19కి ఇరుపక్కల 3, 7. పెద్ద నంబరును చిన్న నంబర్ల నడుమ ఇరికిచ్చిన్రు. ఆశవడి 20కి ఇసిరితె, చేయి జర జారిందా, 1 చేతిలవడ్తది. లోపలి సన్నటి పట్టీల తగిలితె మూడింతలు, బయటి పట్టీల తగిలితె రెండింతలు. గా పట్టీల వెడల్పు 8 మిల్లీమీటర్లే. అంత దూరంకెల్లి సూస్తె అది ఒక డిగ్రీల అయిదో వంతు. ఇంగ్లండ్ పోరడు లూక్ లిట్లర్ 2025 జనవరిల 17 ఏండ్లకే ప్రపంచ చాంపియన్ అయిండంటె, గా అయిదో వంతు డిగ్రీని పొద్దూకులు కొట్టుడే అన్నట్టు.

మనసొంటోళ్లు ఏడికి గురివెట్టాలె? నాకైతె 20 మూడింతలకే అనిపించింది, ఎందుకంటె 60 వస్తది, అంతకంటె పెద్దది బోర్డుల లేదు. 2011ల అమెరికాల స్టాన్ఫర్డ్ యూనివర్సిటీ గణాంకాలోళ్లు ముగ్గురు ఇదే లెక్క తీసి పేపర్ రాసిన్రు. చేయి కుదిరినోనికి 20 మూడింతలే మంచిది. కొంచెం చెదిరెటోనికి కింద ఎడమదిక్కు ఉన్న 19 మూడింతలు నయం, ఎందుకంటె తప్పినా 3, 7 వస్తయి, 1, 5 కంటె మేలు. మా అసొంటి బొత్తిగ రానోడు నడిమిట్ల చుక్కకు జర కిందికి, ఎడమకు గురివెట్టుడు మంచిదట. అంటె తన చేయి ఎంత చెదురుతదో ఎరికున్నోడే గెలుస్తడు. ఈ ముచ్చట సదివినంకనే నాకు ఆట మీద మనసైంది. ఆడంగ ఆడంగ ఆడేటోడు ఈ సంగతిని తనంతట తానే కనుక్కోవాలె, మనం తెర మీద రాసి చెప్పొద్దు అనుకున్న.

ఫోన్లకు దించుడు కాడ మస్తు తిప్పలైంది. నిలువు ఫోన్ వెడల్పు ఏడు సెంటీమీటర్లు. బోర్డు మొత్తం అందుల వట్టాలంటె అయిదింతలు చిన్నగ చెయ్యాలె. గప్పుడు 8 మిల్లీమీటర్ల పట్టీ ఒకటిన్నర మిల్లీమీటరు అయితది. మన బొటనవేలు దాని మీద వెడితె పట్టీ ఏమో, పక్కనున్న నాలుగు నంబర్లు సుత కనవడయి. మా పెద్దసారు "బోర్డును ముట్టుకుంటె ఆడికే బాణం పోవాలె" అన్నడు. చేసి సూపెట్టిన. ముట్టుకున్నంక ఆయనే "ఏదీ కనవడ్తలేదేంది" అన్నడు.

గులేరు యాదికొచ్చింది. గులేర్ల చేయి ఒకకాడ, పిట్ట ఒకకాడ. అట్లనే తెర మీద ఏడనన్న వేలు వెట్టి ఎనక్కి గుంజుతరు. వేలు ఒక సెంటీమీటరు జరిగితె గురి రెండు మిల్లీమీటర్లే జరుగుతది. గురి సుట్టు ఒక గీత, ఊపిరి పీల్చి ఇడిసినట్టు పెద్దగ చిన్నగ అయితుంటది. చిన్నగైన క్షణంల వేలు తియ్యాలె. బాణం ఆ గీత లోపల్నే ఏడనో ఒకకాడ, ఎక్కువపాలు నడుమనే తగులుతది. గీత ఎంత ఉన్నదో అంతే చెదురుతది, దాసిపెట్టిన లెక్క ఇంకొకటి లేదు.

ఇది నేను వట్టిన పట్టు. ఎనకకు ఇంకో లెక్క వెట్టుమని అడిగిన్రు. దాని ముచ్చట తర్వాత చెప్త.

నెట్ సంగతి ఊర్లోళ్లకు చెప్పాలె. కాల్చుకునే ఆటలల్ల సిగ్నల్ ఒక్క క్షణం పోతె సచ్చిపోతం. డార్ట్స్ వంతులాట గనక మా పొలం కాడ ఒక్క గీత సిగ్నల్ల సుత నడుస్తది. వేలు తీసిన సమయం ఫోనే కొలుస్తది, గురి ఏడుండెనో, గీత ఎంతుండెనో సర్వర్కు పంపుతది, బాణం ఏడ తగిలిందో సర్వరే తేలుస్తది. ఫోన్నే తేల్చమంటె, ఫోన్ల కోడ్ మార్చెటోడు ప్రతిసారి 60 కొడ్తడు.

అసలు పోటీలల్ల 501తోని మొదలువెట్టి సున్న దాక దిగుతరు, ఆఖరి బాణం రెండింతల పట్టీల్నే తగలాలె. కొత్తోడు ఆ ఆఖరి బాణం కాడ అరగంట కూసుంటడు. మేం 101 వెట్టినం, కొత్తోళ్లకు రెండింతల షరతు తీసేసినం. చేవెళ్ల బస్టాండ్ల ఎక్కి కూసున్నంక బస్సు కదిలేలోపు ఒకాట అయిపోవాలె, నా గడియారం గది.

దుకాణం బొమ్మ గీసెటోళ్లు ముందుగాల యూరప్ దుకాణమే గీసిన్రు, కట్టె దూలాలు, మంట పొయ్యి, నురుగు గ్లాసులు. బాగనే ఉన్నది, గాని అసొంటియి వెయ్యి ఆటలల్ల సూసినం. ఆట రాజ్యంల ఎండ కాసే దిక్కు ఒకటున్నది, ఆడ మన కల్లు కాంపౌండ్ వెడదామన్న. ఈతచెట్లు, కమ్మల పందిరి, వరుసగ లొట్లు, ఉడకవెట్టిన గుడాలు. ఒక అక్క బొమ్మ గీసి బోర్డును పెద్ద మర్రిచెట్టుకు మొల కొట్టి తలిగేసింది. మర్రికి మొల కొడ్తె మా చేవెళ్లోళ్లు ఊకుంటరా? రోడ్డు వెడల్పుల పోయే మర్రిచెట్ల కోసం ఎన్జీటీ దాక పోయిన దిక్కు మాది. నవ్వుకుంటనే బోర్డును గడ్డిమోపు మీదికి మార్పిచ్చిన. తగిలినప్పుడు వచ్చే సప్పుడు సుత మా వాకిట్ల రికార్డు చేసిందే.

తాగుడు ఆట మీద ఏం ప్రభావం సూపాలె అని పెద్ద చర్చ. తాగితె తెర మసకైతది, గీత పెద్దగైతది, అది అందరు ఒప్పుకున్నరు. ఒకాయన "ఒక్క గ్లాసుకు చేయి నిలకడ పెరగాలె" అన్నడు. నేను ఒద్దన్న. అట్ల వెడితె గెలవాలనుకునే ప్రతోడు ఆటకు ముంగట ఒక గ్లాసు కొడ్తడు, అది ఆట నేర్పే పాఠమైతది. గుండెదడ తగ్గించి చేతిని కుదురుగ ఉంచే బీటా బ్లాకర్ మందులను డార్ట్స్ పోటీలల్ల ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. అసలు ఆటల్నే ఒద్దన్నదాన్ని మేమెందుకు బహుమానమిస్తం?

ఇగ ఎనకటి లెక్క ముచ్చట. ఆగస్టుల ఒకదినం మీటింగ్ల రెండు అడిగిన్రు. ఒకటి, కొత్తోని మొదటి మూడాటలు చాటుంగ గెలిపియ్యాలె, గీత లోపల నడుమకే బాణం పోవాలె, నాలుగో ఆటకెల్లి మామూలు. రెండోది, తప్పిన బాణం ఏడనో దూరంల పడొద్దు, ప్రతిసారి పట్టీకి ఎంట్రుకవాసి పక్కకే పడాలె. "అరెరే, జరల పోయింది" అని మల్ల ఆడ్తడు అని.

గా మాట ఇనంగనే నాకు తమ్ముడు యాదికొచ్చిండు. వాకిట్ల నాతోని ఏట్లేసిన మా చిన్నాయిన కొడుకే. మొయినాబాద్ దిక్కు వాళ్లకున్న ఎకరంల కొంత ప్లాట్లకు అమ్మిన్రు. వచ్చిన పైసలల్లకెల్లి అయిదు లక్షల దాక వాడు ఒక యాప్ల పోగొట్టిండు. యాప్ పేరు రాయను, పేరు మార్చుకుని మల్లొస్తనే ఉంటయి. చిన్నాయిన ఆర్నెల్లు వానితోని మాట్లాడలె. ఒకరాత్రి వాన్ని అడిగిన, మొదలెట్ల వెట్టినవ్రా అని. "అన్నా, మొదటి నాలుగు సార్లు గెలిసిన. తర్వాత ప్రతిసారి జరల పోయింది. ఇంకొకసారి ఆడితె వస్తదనిపిచ్చింది" అన్నడు. మీటింగ్ల అడిగిన రెండు, వాడు చెప్పిన రెండు, ఒకటే కదా.

2009ల కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరిశోధకులు జూదం మిషన్ అసొంటి ఆటను మనుషులతోని ఆడిపిచ్చి మెదడు స్కానింగ్ తీసిన్రు. గెలిసినప్పుడు పనిచేసే భాగాలు, జరల తప్పినప్పుడు సుత కదిలినయి. ఆడినోళ్లకు అట్ల తప్పుడు మంచిగనిపియ్యలె, అయినా ఇంకా ఆడాలనిపిచ్చింది. ఇది జాతరల రింగులేసే కొట్టోనికి సైన్సు లేకుండనే ఎరిక. రింగు సబ్బు డబ్బ మీద పడి అంచుకు తగిలి ఆగుతది, ఎందుకంటె రింగు డబ్బకు కొంచెమే పెద్దది. తుపాకి బుగ్గల కాడ గొట్టం వంకర ఉంటదని మా తాత చెప్పెటోడు.

కొందరు అంటరు, డార్ట్స్ బోర్డే అసొంటిది కాదా, 20 పక్కన 1 వెట్టి ఊరిస్తలేదా అని. ఊరిస్తది, నిజమే. గాని బోర్డు అబద్ధం చెప్పది. బాణం ఏడ గుచ్చుకున్నదో అది నీ చేయి చేసిందే, కండ్ల ముంగట ఉంటది. రేపు ఇంకో పదేట్లేస్తె జరంత దగ్గరికొస్తది. చాటుంగ లెక్క మార్చిన ఆటల ఎన్నేండ్లు ఆడినా చేతికి ఏం రాదు, ఎందుకంటె తప్పింది చేయి కాదు. మీటింగ్ల ఇంత పొడుగు చెప్పలె, గొంతు పెగలలె కూడ. "గీత సూపెట్టి గీతను మోసం జెయ్యొద్దు" అని మాత్రం అన్న.

పందెం సంగతైతె లెక్కతోనే తేలింది. దుకాణపోడు, అంటె కంప్యూటర్ మనిషి, ఆడేటోనితోని 10 బంగారు నాణేల పందెం కాస్తడనుకోన్రి. ఆడేటోడు నూటికి 55 సార్లు గెలిస్తె, సగటున ఆటకు ఒక నాణెం మిగులుతది. మూడు నిమిషాలకొకాట, గంటకు 20, రోజంత 480. మనిషి గంత ఆడడు, గాని మనిషి బదులు ఆడే బాట్ ప్రోగ్రాం ఆడ్తది. వెయ్యి బాట్లు వెడితె రోజుకు 4 లక్షల 80 వేల నాణేలు ఏడికెల్లో పుట్టుకొస్తయి. రాక్షసులను కొట్టి నాణేలు కూడవెట్టినోని కత్తి ధర నెలల పదింతలైతది. నోట్లు అచ్చువేసినట్టే. అదే ఆడేటోడు నూటికి 45 సార్లే గెలిస్తె నాణేలు పుట్టయి, గాని గప్పుడది దుకాణం కాదు, కాసినో. ఫాంహౌస్ల పేరు మీద మా మొయినాబాద్ దిక్కు ఇప్పటికే సాలినంత బద్నాం ఉన్నది. 2025 ఫిబ్రవరిల తోల్కట్ట కాడ ఫాంహౌస్ల కోడిపందేల మీద పోలీసులు దాడిచేసి 60 మందికి పైగా వట్టుకున్నరు.

ఈ లెక్కలు నడుస్తుండంగనే ఢిల్లీల చట్టమొచ్చింది. ఆన్లైన్ ఆటల ప్రోత్సాహం, నియంత్రణ చట్టం, 2025. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకమైంది. మన తెలంగాణల 2017ల్నే పైసలు వెట్టి ఆడే ఆన్లైన్ ఆటలు, రమ్మీతో సహా, బంద్ వెట్టిన్రు. కొత్త చట్టం దేశమంతటికి. అందుల నాకు పనికొచ్చిన సంగతి ఏందంటె, నైపుణ్యం ఆటనా, అదృష్టం ఆటనా అన్న తేడా లేదు. పందెం అంటె రూపాయలే కాదు. పైసలిచ్చి కొనుక్కున్న నాణేలు, టోకెన్లు, వస్తువులు, పేరేదైనా సరే, పైసలుగ మార్చుకునేది ఏదైనా పందెమే. అసొంటి ఆట నడిపెటోనికి మూడేండ్ల దాక జైలు, కోటి రూపాయల దాక జుర్మాన. ఆడినోనికి శిక్ష లేదు, వాడు బాధితుడనే లెక్క. మా ఆట నాణేలు రూపాయలకు అమ్ముతరు. అంటె కల్లు కాంపౌండ్ల 10 నాణేల పందెం అంటె ఉట్టి ముచ్చట కాదు. నేను నెలరోజులు చెప్పలేనిది చట్టం ఒక్క పేజీల చెప్పింది. సంతోషమైందా అంటె, అయింది. జర సిగ్గు సుత అయింది, ఎందుకంటె నా మాటకు కాదు, జైలు మాటకు ఒప్పుకున్నరు.

ఆఖరికి ఇట్లున్నది. పందెం లేదు. గెలిసినోనికి దుకాణం గోడ మీద పేరు, రంగు ఈకల బాణాలు. ఈకలు అమ్మరు, ఇయ్యరు, ఆడి సంపాయించాలె. కోడి ఈక, నెమలి ఈక, పాలపిట్ట ఈక. ఓడినోనికి ఆట అయినంక గోనెసంచి కనవడ్తది, దాని మీద వాని ఏట్లన్నీ సున్నం బొట్లు. తొందరవడి వేలు తీసినయి ఎర్రగ, కుదురుగ తీసినయి తెల్లగ. చాటుంగ గెలిపిచ్చుడు తీసేసిన్రు. ఎంట్రుకవాసి ముచ్చట మీద మాత్రం ఇంకా పంచాది నడుస్తనే ఉన్నది. "బాణం గుచ్చుకునేటప్పుడు తీగ మీద ఊగుడన్న పెడదాం" అంటున్నరు. తీగకు నిజంగ తగిలినప్పుడే ఊగాలె అని నేనంటున్న.

సంక్రాంతికి తమ్మునికి ఇచ్చి ఆడిపిచ్చిన. ఏడాటల్ల రెండే గెలిసిండు. సంచి బొమ్మను పెద్దగ చేసి చాలాసేపు సూసిండు. "నేను మూడో బాణం కాడ్నే ఆగమైతున్ననే" అన్నడు, ఫోన్ పక్కకు వెట్టి టమాటకు నీళ్లు పెట్టనీకి పోయిండు.

మీరు సుత వాకిట్ల గీసుకోవచ్చు. గీసుకునేటప్పుడు బాణాల ఎదురుంగ పిలగాండ్లను నిలవెట్టకుర్రి, ముల్లు ముల్లే. ఎక్కువ తక్కువ కాకుండ గీయాలంటె నడిమిట్లకెల్లి బయటి పట్టీ అంచు దాక 17 సెంటీమీటర్లు, మూడింతల పట్టీ అంచు దాక 10.7 సెంటీమీటర్లు వెట్టుకోన్రి. నంబర్లు మీదికెల్లి కుడిదిక్కు తిరుక్కుంట ఇట్ల రాయాలె: 20, 1, 18, 4, 13, 6, 10, 15, 2, 17, 3, 19, 7, 16, 8, 11, 14, 9, 12, 5.